"హిజ్"లో మేమూ ఉన్నామా?

సావనీర్‌కి ఒక చరిత్ర వ్యాసం కావాలని కార్యవర్గం వారు అడిగారు. ఊరి చరిత్రో, బడి పుట్టుపూర్వోత్తరాలో రాస్తాననుకుని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక అరమార్కు చరిత్ర రాస్తాను.

తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు పీరియడ్. మాస్టారి పేరు రాయక్కర్లేదు, ఏ బ్యాచ్ వాళ్ళకైనా తెలుస్తుంది. నల్లబల్ల మీద "ఎవ్రీబడీ షుడ్ బ్రింగ్ దెయిర్ ఓన్ బుక్" అని రాసి, తప్పు దిద్దమన్నారు. ఎవరూ లేవలేదు. ఆయనే "దెయిర్" చెరిపేసి "హిజ్" అని రాశారు. ఎవ్రీబడీ ఏకవచనం, దానికి సర్వనామం కూడా ఏకవచనమే రావాలి, అంతే. అప్పుడు అమ్మాయిల వరసలోంచి ఒక గొంతు లేచింది: "మరి మేము పుస్తకం తెచ్చుకోనక్కర్లేదా మాస్టారూ?" క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, "హిజ్‌లో మీరూ ఉన్నారమ్మా, కూర్చో" అన్నారు. ఆ అమ్మాయి కూర్చుంది గానీ, క్వార్టర్లీ పరీక్షలో మళ్ళీ "దెయిర్" అనే రాసింది. అరమార్కు పోయింది.

తర్వాత నేనూ ఇంగ్లీషు మాస్టరునే అయ్యాను. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళి, కట్టలు కట్టలు పేపర్లు ముందేసుకుని, కీ పక్కన పెట్టుకుని, అలాంటి అరమార్కులు ఎన్ని కోశానో లెక్కలేదు. కీలో "హిజ్" ఉంటే "హిజ్", అంతే. రిటైరయ్యాక తీరిక దొరికి, అసలు ఈ నియమం ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని వెతకడం మొదలుపెట్టాను. దొరికినది మీ ముందు పెడుతున్నాను.

మొదట తెలిసిందే నాకు మింగుడుపడలేదు. ఒక్క మనిషిని ఉద్దేశించి "దే", "దెయిర్" అనడం ఈ కాలపు పిల్లలు తెచ్చిన అలవాటు కాదు. పద్నాలుగో శతాబ్దం నుంచీ ఇంగ్లీషు రాతల్లో ఉంది. ఛాసర్ రాశాడు, షేక్స్పియర్ రాశాడు, జేన్ ఆస్టిన్ నవలల్లో కొల్లలుగా కనిపిస్తుంది. మన అమ్మాయి పోగొట్టుకున్న అరమార్కు ఆ వరస చొప్పున వాళ్ళందరికీ పోవాల్సిందే.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో వ్యాకరణాలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. చదువుకున్నవాడి భాష అంటే లాటిన్ అనుకునే రోజులు పోయి, ఇంగ్లీషుకీ కట్టుబాట్లు కావాలన్న కోరిక బలపడిన కాలం అది. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు ఒక చిన్న వ్యాకరణం రాశాడు. తర్వాత లండన్ బిషప్ అయ్యాడు. ఆయన పద్ధతి విచిత్రంగా ఉంటుంది. నియమం చెప్పి, కింద తప్పులకు ఉదాహరణలు ఇస్తాడు. ఆ తప్పులు ఎవరివి? షేక్స్పియర్‌వి, మిల్టన్‌వి, స్విఫ్ట్‌వి! మహాకవుల వాక్యాల్లో తప్పులు పట్టే మాస్టారన్నమాట. మన స్టాఫ్ రూముల్లో ఆయన వారసులకు కొదవ లేదు. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

అయితే "హిజ్" నియమం పుస్తకంలోకి ఎక్కింది లౌత్ కంటే ముందే. న్యూకాసిల్‌లో బడి నడిపిన యాన్ ఫిషర్ అనే ఆవిడ 1745 నాటికే ఒక వ్యాకరణం తెచ్చారు. ఆడా మగా ఇద్దరికీ వర్తించే చోట పురుషవాచక సర్వనామం వాడితే సరిపోతుందని రాసిన తొలి వ్యాకర్తల్లో ఆవిడ ఒకరు. అవును, ఆవిడే. తప్పుడు వాక్యాలిచ్చి పిల్లలచేత దిద్దించే అభ్యాసాలను ఇంగ్లీషు వ్యాకరణంలోకి మొదట తెచ్చినవారిలోనూ ఆవిడ పేరే చెబుతారు. అంటే మనందరం హడలిపోయిన "కరెక్ట్ ది ఫాలోయింగ్ సెంటెన్సెస్"కీ, దానిలోని "హిజ్"కీ ఒక టీచరమ్మే పెద్దదిక్కు. ఈ సంగతి తెలిసి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఆ పద్ధతిని ప్రపంచమంతా తిప్పినవాడు లిండ్లీ మర్రే. పుట్టింది అమెరికాలోని పెన్సిల్వేనియాలో. లాయరుగా, వ్యాపారిగా సంపాదించి, ఇంగ్లండు వచ్చి యార్క్ పట్టణం దగ్గర స్థిరపడ్డాడు. అక్కడ క్వేకర్లు నడిపే ఆడపిల్లల బడిలో టీచర్లు తమకో పాఠ్యపుస్తకం కావాలని అడిగితే 1795లో వ్యాకరణం రాసిచ్చాడు. రెండేళ్ళకు దిద్దుబాటు అభ్యాసాలతో ఇంకో పుస్తకం తెచ్చాడు. అవి అట్లాంటిక్‌కి రెండువైపులా ఎడిషన్ల మీద ఎడిషన్లు అమ్ముడుపోయాయి. లోకంలోకి కొత్తగా అడుగుపెట్టే ఏ ఒక్కరైనా మోసపోకుండా ఉండగలరా అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి అందులో ఉంది. అక్కడి బహువచన సర్వనామాలు తప్పనీ, పురుష ఏకవచనం రావాలనీ దిద్దుబాటు. చదివేది ఆడపిల్లలు. లోకంలోకి అడుగుపెట్టబోయేది వాళ్ళు. వాక్యంలో మాత్రం వాళ్ళు లేరు. ఆ యార్క్ బడిలో ఎవరైనా చెయ్యెత్తి "మరి మేము?" అని అడిగారో లేదో పుస్తకంలో లేదు.

"హిజ్‌లో మీరూ ఉన్నారమ్మా" అన్న మాస్టారి మాటకు చట్టం వెన్ను కూడా ఉంది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు, చట్టాల్లో పురుషవాచక పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని శాసనం చేసింది. మన దేశంలో 1868లో, ఆ తర్వాత 1897 జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్‌లో అదే మాట వచ్చింది. ఆ సెక్షన్ ఇప్పటికీ అమల్లో ఉంది. కానీ ఒక మెలిక ఉంది: విషయానికో సందర్భానికో విరుద్ధంగా ఉంటే తప్ప, అని. 1868లో మాంచెస్టర్ స్త్రీలు ఓటు హక్కు కోసం కోర్టుకెళ్ళారు. చట్టంలో ఉన్న "మ్యాన్"లో మేమూ ఉన్నాం కదా అని వాదన. లేరు పొమ్మంది కోర్టు. 1916లో రెజీనా గుహ అనే లా పట్టభద్రురాలు తనను ప్లీడరుగా నమోదు చేయమని అడిగితే, కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచి కాదంది. 13వ సెక్షన్ అప్పటికి పుస్తకంలో ఉంది, ఆమెను మాత్రం లోపలికి రానివ్వలేదు. పాట్నాలో సుధాంశుబాల హజ్రాకు అదే జవాబు వచ్చింది. చివరికి 1923లో ప్రత్యేకంగా ఇంకో చట్టం చేసి, స్త్రీలు వకాలతు చేయవచ్చని స్పష్టంగా రాస్తే గానీ పని జరగలేదు. శిక్షలు, పన్నుల దగ్గర "హిజ్"లో ఆడవాళ్ళు ఉన్నారు. ఓటు, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి లేరు. మన తరగతిలో లేచిన ప్రశ్నకు నవ్వడం తప్ప ఇంకేమీ చేయని మేము, తెలియకుండానే ఫుల్ బెంచి పక్కన కూర్చున్నాం.

ఈ వ్యాకరణం మన బల్ల మీదికి వచ్చిన దారి మీకు కొంత తెలిసిందే. 1857లో మద్రాసు యూనివర్సిటీ పుట్టింది, మెట్రిక్యులేషన్ వచ్చింది, ఇంగ్లీషు పేపర్ తప్పితే అన్నీ తప్పినట్టే అయింది. ముందు నెస్‌ఫీల్డ్ వ్యాకరణం ఏలింది. 1930ల నడుమ రెన్ అండ్ మార్టిన్ వచ్చి ఆ పీఠం ఎక్కి, ఇంకా దిగలేదు. ఆ రెన్ బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖలో పనిచేసిన పి.సి. రెన్. ఎడారి సైనికుల మీద "బో జెస్ట్" అనే నవల రాసి సినిమాలకెక్కిన రచయిత కూడా ఆయనే. మనం వాడిన ఎర్ర అట్ట పుస్తకం మీద "సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు" అని ఉండేది, గుర్తుందా? రెన్ ఎవరో, మార్టిన్ ఎవరో తెలియకపోయినా ఆ పేరు చూసి మనవాడే అయి ఉంటాడని మురిసిపోయేవాళ్ళం.

ఇక్కడ మన తెలుగు మాట కాస్త చెప్పుకోవాలి. "ప్రతి విద్యార్థీ తన పుస్తకం తెచ్చుకోవాలి." ఈ వాక్యంలో "తన" అబ్బాయా, అమ్మాయా? ఇద్దరూ. ఏకవచనమా? ఏకవచనమే. ఇంగ్లీషువాళ్ళు రెండున్నర శతాబ్దాలు కొట్టుకున్న చిక్కు మనకు పుట్టుకతోనే లేదు. "ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చుకోండి" అంటే ఇంకా సుఖం. అలాగని తెలుగు వ్యాకరణం పరమ సమదృష్టితో ఉందని గొప్పలు పోనక్కర్లేదు. చిన్నయసూరి చెప్పిన మహత్తులో మగవాడొక్కడే ఉన్నాడు. "ఆమె వచ్చింది", "బండి వచ్చింది" రెండిటికీ క్రియ ఒకటే. ఏ భాష మచ్చ దానికుంది.

మనవాళ్ళకు సర్వనామాల దగ్గర అసలు ఇబ్బంది గౌరవం వల్ల వచ్చింది. "మా నాన్నగారు ఊరెళ్ళారు, వారు రేపొస్తారు" అనే పిల్లవాడు ఇంగ్లీషులో "మై ఫాదర్ హ్యావ్ గాన్, దే విల్ కమ్ టుమారో" అని రాస్తాడు. నాన్నను "హీ" అనడానికి చెయ్యి రాదు. నా మొదటి ఏడాది ఉద్యోగంలో ఒక కుర్రాడు హెడ్మాస్టరు గారి గురించి వ్యాసం రాస్తూ మొదటి నుంచి చివరి దాకా "దే" అనే రాశాడు. ఎర్రసిరాతో అన్నీ కొట్టేశాను. ఒక్కరికి "దే" అనే తప్పు వాడి చేత చేయించింది మర్యాద అని అప్పుడు నాకు తట్టలేదు.

ఇప్పుడు రెండో అరమార్కు సంగతి: పోలికలు.

"డిగ్రీస్ ఆఫ్ కంపేరిజన్" అనగానే మీ నోళ్ళలో "నో అదర్", "వెరీ ఫ్యూ" ఆడి ఉంటాయి. అర్థం తెలియకుండా మంత్రంలా అప్పజెప్పాం. కానీ దాని వెనక లెక్క ఉంది. పోల్చే రెండూ ఒకే జాతివి కావాలి, పోల్చబడేది తనతో తాను పోల్చుకోకూడదు. "ది సమ్మర్ ఆఫ్ విజయవాడ ఈజ్ హాటర్ దేన్ బెంగళూర్" అంటే తప్పు. ఎండాకాలాన్ని ఊరితో పోల్చినట్టవుతుంది. "దేన్ దట్ ఆఫ్ బెంగళూర్" అనాలి. ఆ "దట్ ఆఫ్" మరిచిపోతే అరమార్కు.

మనం అదే ఎందుకు మరిచిపోతాం? దీనికి మాత్రం ఏ గైడులోనూ జవాబు దొరకలేదు, తెలుగులో వెతికితే దొరికింది. "నీ దస్తూరీ నాకంటే బాగుంటుంది" అంటాం. ఇందులో "నా" అంటే నేనా, నా దస్తూరీనా? రెండిటికీ ఒకటే రూపం. "నా పుస్తకం"లో "నా", "నాకంటే"లో "నా" ఒకటే. "కంటే" ముందు వచ్చే మాట ఎప్పుడూ షష్ఠిలో ఉన్నట్టే కనిపిస్తుంది. "తమ్ముడి కంటే" అన్నప్పుడు తమ్ముడూ ఉన్నాడు, తమ్ముడి దస్తూరీ ఉంది. వినేవాడు తనకు కావలసింది తీసుకుంటాడు. ఆ సౌకర్యానికి అలవాటుపడ్డ పిల్ల "యువర్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ బెటర్ దేన్ మీ" అని రాస్తే అది అజాగ్రత్త కాదు, అమ్మ భాష. "మైన్" రావాలని దిద్దాల్సిందే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ ఎందుకు తప్పిందో చెప్పి దిద్దితే మళ్ళీ తప్పదు. ఈ ఒక్క సంగతి ఉద్యోగంలో చేరినప్పుడే తెలిసి ఉంటే బాగుండేది.

"ఎనీ అదర్" కథ ఇంకా తమాషా. "హైదరాబాద్ ఈజ్ బిగ్గర్ దేన్ ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్" అని మనం రాస్తే తప్పు. హైదరాబాద్ కూడా ఆంధ్రప్రదేశ్‌లోదే కాబట్టి, తనకంటే తానే పెద్దదన్నట్టవుతుంది. "ఎనీ అదర్ సిటీ" అనాలి. చాలా ఏళ్ళు ఇదే చెప్పాను. 2014 జూన్ 2 నాడు ఆ తప్పు వాక్యం కాస్తా ఒప్పయిపోయింది! హైదరాబాద్ ఆ గుంపులో లేదు కాబట్టి "అదర్" అక్కర్లేదు, పైగా పెడితేనే తప్పు. మన నోటుబుక్కుల్లోని ఒప్పు జవాబు రాష్ట్ర విభజనతో తప్పయింది. వ్యాకరణం పుస్తకంలో ఉండదు, లోకంలో ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక మన తర్వాతి బ్యాచ్‌ల సంగతి. వాళ్ళు అమెరికా దారి పట్టారు. అక్కడ యాన్ ఫిషర్ అభ్యాసాలు కొత్త వేషంలో ఎదురొచ్చాయి. టోఫెల్ 1964లో మొదలైంది. వాక్యంలో నాలుగు చోట్ల గీత గీసి, తప్పెక్కడుందో గుర్తించమనే ప్రశ్నలు అందులో దశాబ్దాల పాటు ఉన్నాయి. మన బ్యాంకు పరీక్షల "స్పాటింగ్ ఎర్రర్స్" దాని చుట్టమే. ఎంబీఏకి వెళ్ళేవాళ్ళ జీమ్యాట్‌లో "సెంటెన్స్ కరెక్షన్" ఉండేది. దానికి "దట్ ఆఫ్" అంటే ప్రాణం. ఒక రచయిత నవలల్ని ఇంకో రచయితతో పోల్చేసి పిల్లల్ని పడగొట్టడం వాళ్ళకు సరదా. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో ఆ విభాగాన్నే ఎత్తేశారు. కోచింగ్ సెంటర్లలో పోగుపడ్డ మెటీరియల్ అంతా ఏమయిందో మరి.

ఈ ప్రశ్నల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం 2002 అక్టోబరులో అమెరికా హైస్కూలు పిల్లలు రాసిన పీశాట్ పరీక్షది. నోబెల్ గ్రహీత టోనీ మోరిసన్ గురించి ఒక వాక్యం ఇచ్చి, తప్పుంటే చూపించమన్నారు. వాక్యం "టోనీ మోరిసన్స్ జీనియస్" అని మొదలై, ఆ ప్రతిభ ఆమె చేత ఎలాంటి నవలలు రాయిస్తుందో చెబుతుంది. మధ్యలో "హర్" అని సర్వనామం వస్తుంది. తప్పు లేదన్నది కీ. మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక హైస్కూలు టీచరు ఒప్పుకోలేదు. "హర్" ఎవరిని సూచిస్తుంది? వాక్యంలో టోనీ మోరిసన్ అనే నామవాచకం లేదు, "మోరిసన్ యొక్క" అనే షష్ఠీ రూపమే ఉంది, అది విశేషణంతో సమానం, విశేషణానికి సర్వనామం ఉండదు అని ఆయన వాదన. అలా చెప్పే వ్యాకరణ పుస్తకాలు కొన్ని ఉన్నమాట నిజమే. పరీక్ష పెట్టినవాళ్ళు మొదట కాదన్నారు. ఆయన ఉత్తరాలు ఆపలేదు. 2003 మేలో ఆ ప్రశ్న తీసేసి మార్కులు మళ్ళీ లెక్కవేశారు.

ఆయన గెలిచినందుకు ఒక టీచరుగా నాకు సంతోషం. అంత పెద్ద సంస్థ చేత కీ మార్పించడం మాటలా? మన దగ్గర ఒక్క మార్కు కలపాలన్నా ఎంత ప్రయాసో రీవాల్యుయేషన్‌కి పెట్టినవాళ్ళను అడగండి. కానీ వాక్యం తప్పా అంటే, నేను తప్పనను. భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు చాలామంది అప్పుడే అన్నారు: మంచి రచయితలంతా అలాగే రాస్తారు, చదివేవాడికి రవ్వంత కూడా తికమక లేదు, ఆ నియమమే ఎక్కడినుంచో ఊడిపడింది అని. మన తెలుగు చెవికైతే ఆ అభ్యంతరమే అర్థం కాదు. "సీత ప్రతిభ ఆమెకు పేరు తెచ్చింది." ఇందులో ఏం లోపం? ఆయన పోరాడి గెలిచింది ఒక బలహీనమైన నియమం కోసం. అయినా, నియమం మీద నమ్మకంతో "హర్" తప్పని గుర్తించిన పిల్లల మార్కులు దక్కాయి. వాళ్ళ టీచర్లు చెప్పినట్టే వాళ్ళు రాశారు కదా.

"దే" పరిస్థితి ఈలోగా మారిపోయింది. అమెరికన్ డయలెక్ట్ సొసైటీ ఏకవచన "దే"ను 2015 సంవత్సరపు పదంగా ఎన్నుకుంది. 2019లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వారూ "దే"నే ఆ ఏటి పదమన్నారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఏపీఏ శైలి పుస్తకం ఏడో ఎడిషన్, స్త్రీయో పురుషుడో తెలియని చోట, తమను "దే" అనమని కోరుకున్నవారి విషయంలో ఏకవచన "దే" వాడమని చెప్పింది. ప్రపంచమంతా చాలా పరిశోధన వ్యాసాలు ఆ పుస్తకం చూసే రాస్తారు. మన అమ్మాయి జవాబు ఇప్పుడు ఒప్పు.

నా ఆఖరి స్పాట్ డ్యూటీలో ఒక పేపర్ వచ్చింది. "ఎవ్రీ స్టూడెంట్" తర్వాత "దెయిర్". కీ ప్రకారం "హిజ్" లేదా "హిజ్ ఆర్ హర్". కలం ఆగింది. పక్కన మాస్టారిని అడిగితే "కీ చూడండి సార్, మనకెందుకు" అన్నారు. చీఫ్ ఎగ్జామినర్ గారి దగ్గరికి వెళ్ళి ఈ యాన్ ఫిషర్ పురాణం మొదలుపెట్టే ధైర్యం లేదు, కట్ట పూర్తిచేయాలి. అరమార్కు కోసి పేజీ తిప్పాను. అది ఆడపిల్ల పేపరో మగపిల్లవాడి పేపరో కోడింగ్ వల్ల నాకు తెలియదు.

జూబిలీకి రావలసిందిగా మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక మెసేజ్ పెట్టారు. పెట్టింది ఆనాడు లేచి ప్రశ్న అడిగినావిడే. ఇప్పుడు మనవలున్న అమ్మమ్మ. చివరి వాక్యం ఇలా ఉంది: "ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దెయిర్ ఫ్యామిలీ." కింద ఆవిడే నా పేరు పెట్టి, "ఏం మాస్టారూ, అరమార్కు పోయినట్టేనా?" అని అడిగారు. ఇవ్వాల్సిన అరమార్కు ఒకటి పాతబాకీ ఉందని, ఆ రోజు వచ్చి తీసుకోమని జవాబిచ్చాను.